2.8 మి.మీ. దారిలో పనిచేసే దవడ: ఎండోస్కోపీ బయాప్సీ ఫోర్సెప్స్‌ను డిజైన్ చేయడం ఎలా

బైకు క్లచ్ వైరు తెలిసినవాళ్ళకు బయాప్సీ ఫోర్సెప్స్ సగం తెలిసినట్టే. ఎండోస్కోప్ గొట్టంలోంచి లోపలికి వెళ్ళి, పరీక్ష కోసం చిన్న కండ ముక్కను కొరికి తెచ్చే పనిముట్టు ఇది. బయట ఔటర్, లోపల ఇన్నర్, ఒక చివర చేతి పిడి, రెండో చివర పని. కాకపోతే ఇక్కడ ఔటర్ మందం సుమారు 2 మి.మీ., పొడవు మీటరున్నర పైమాటే. అది గొంతులోంచి కడుపులోకి దిగుతుంది, చివరనున్న దవడ ఊడిపోతే వెతికి తీయడం పెద్ద పని. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే ఇంజినీర్లు చాలామంది దవడ బొమ్మ గీయడంతో మొదలుపెడతారు, చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి. నిజానికి మొత్తం పనిలో దవడే తేలిక. పిడి దగ్గర ఇచ్చిన బలమూ కదలికా దారిలోని వంపుల్లో ఎంతెంత హరించుకుపోతున్నాయో లెక్కగట్టడమే అసలు డిజైన్.

ఇక్కడ ఒకే పనిముట్టును మొదటి నుంచి చివరి దాకా చూద్దాం: 2.8 మి.మీ. ఛానెల్ (పనిముట్టు దూరే లోపలి దారి) ఉన్న గ్యాస్ట్రోస్కోప్‌లో (కడుపును చూసే స్కోపు) వాడే, కరెంటు అవసరం లేని, ఒకసారి వాడి పారేసే కప్పు దవడల ఫోర్సెప్స్. పాలిప్‌లను ఉచ్చు బిగించి కోసే స్నేర్‌కైనా, బయటి వస్తువులు తీసే గ్రాస్పర్‌కైనా, 230 సెం.మీ. కొలనోస్కోపీ ఫోర్సెప్స్‌కైనా పద్ధతి ఇదే, అంకెలే మారతాయి.

1. ముందు స్కోపు కొలతలు, తర్వాతే పనిముట్టు

మామూలు గ్యాస్ట్రోస్కోప్ ఛానెల్ 2.8 మి.మీ. పెద్దల కొలనోస్కోప్‌లో ఎక్కువగా 3.7, ఈఆర్‌సీపీ (పైత్యరస నాళాల పరీక్ష, చికిత్స) చేసే డ్యుయోడినోస్కోప్‌లో 4.2, మామూలు బ్రాంకోస్కోప్‌లో 2.0, మూత్రనాళపు యూరెటెరోస్కోప్‌లో 3.6 ఫ్రెంచ్ ఉంటుంది. 1 ఫ్రెంచ్ అంటే మి.మీ.లో మూడో వంతు, కాబట్టి ఈ చివరిది 1.2 మి.మీ. మాత్రమే. గ్యాస్ట్రోస్కోప్ లోపలికి వెళ్ళే పొడవు మీటరుకు కాస్త ఎక్కువ. దానికి డాక్టర్ పట్టుకునే కంట్రోల్ బాడీ, బయట సహాయకుడి చేతి దాకా రావాల్సిన పొడవు కలిపితే ఫోర్సెప్స్ పనిపొడవు 160 సెం.మీ. అవుతుంది.

ఛానెల్ 2.8 ఉంది కదా అని పనిముట్టును 2.7కు గీయకూడదు. పక్కన సక్షన్‌కు చోటుండాలి. ప్రవేశద్వారం దగ్గరి రబ్బరు వాల్వ్ పట్టి ఉంటుంది. కంట్రోల్ బాడీలో సక్షన్ గొట్టం వచ్చి కలిసే కూడలి దగ్గర ఛానెల్ కోణం తిరుగుతుంది, మొన పదునుగా ఉంటే అక్కడే గీసుకుంటుంది. ఛానెల్ లోపలి గొట్టానికి చిల్లు పడితే నీళ్ళు స్కోపులోకి దిగుతాయి, ఆ మరమ్మతు బిల్లు ముందు ఫోర్సెప్స్ ధర లెక్కలోకే రాదు. అందుకని ఎక్కడ కొలిచినా గరిష్ఠంగా 2.4, వీలైతే 2.3 మి.మీ. పెట్టుకోండి.

రెండో హద్దు చాలామందికి తట్టనిది. మొన దగ్గర వంగని భాగం ఎంత పొడవుండొచ్చు? కడుపు పైభాగం చూడటానికి స్కోపు మొనను 210 డిగ్రీల వరకు వెనక్కి తిప్పుతారు. వంపు మధ్యగీత వ్యాసార్థం 15 మి.మీ. అనుకుందాం. ఛానెల్ లోపలి గోడ 13.6 దగ్గర, బయటి గోడ 16.4 దగ్గర ఉంటాయి. 2.4 మందం గట్టి కడ్డీ నడుము లోపలి గోడకు ఆనితే దాని బయటి అంచు 16.0 దగ్గరికి వస్తుంది. రెండు చివరలూ బయటి గోడను తాకేదాకా సగం పొడవు √(16.4² − 16.0²), అంటే 3.6. మొత్తం 7.2 మి.మీ. మందాన్ని 2.3కు తగ్గిస్తే 8.0, 2.2కు తగ్గిస్తే 8.8 వస్తుంది. మందంలో పదో వంతు మి.మీ. తగ్గిస్తే పొడవులో 0.8 మి.మీ. కలిసొస్తోంది. ఇది పూర్తి మందం ఉన్న భాగానికే వర్తించే లెక్క. ముక్కును గుండ్రంగా, వెనుక భాగాన్ని వాలుగా చేస్తే మరో ఒకటి రెండు మి.మీ. దొరుకుతాయి. మన లక్ష్యం: మందం 2.3, మొత్తం వంగని పొడవు 9, అందులో పూర్తి మందం ఉన్నది 7.5 మి.మీ.

2. దవడలు: కప్పు, కిటికీ, మధ్య సూది

కప్పు కోడిగుడ్డు ఆకారంలో పొడవుగా ఉంటే లోతైన ముక్క వస్తుంది. గోడ మందం 0.25 మి.మీ. దగ్గర ఉంచండి. పలచగా ఉంటే అంచు వంగుతుంది, మందంగా ఉంటే లోపల చోటు తగ్గుతుంది. కప్పు వీపు మీద ఒక కిటికీ తెరవాలి. దవడలు మూసుకునేటప్పుడు లోపలి గాలీ రక్తమూ బయటికి పోవడానికి దారి లేకపోతే ముక్క నలిగిపోతుంది. నలిగిన ముక్కలో కణాల వరస చెదిరి పాథాలజిస్టు ఏమీ తేల్చలేడు. కిటికీ అంచులన్నీ గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే ఛానెల్ గోడకు రాసుకునేది ఆ వీపే.

రెండు అంచులూ కలిసేచోట గమనించాల్సింది పదును కంటే సరితూగడం. రెండు కప్పుల అంచులు ఒకదాన్నొకటి 0.05 మి.మీ. కంటే ఎక్కువ తప్పితే ముక్క తెగదు, సాగుతుంది. డాక్టర్ లాగినప్పుడు పక్కనున్న పొర కూడా చీరుకుని వస్తుంది. పలచటి టిష్యూ కాగితాన్ని కొరికించి చూస్తే తేలిపోతుంది: కప్పు చుట్టూ శుభ్రంగా తెగాలి, ఒక పక్కే వేలాడుతుంటే దవడలు పక్కకు జరిగినట్టు.

మధ్యలో సూది పెట్టాలా వద్దా అన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. అన్నవాహికలో గోడ పనిముట్టుకు సమాంతరంగా ఉంటుంది, సూది లేని కప్పు జారిపోతుంది. సూది గుచ్చుకుంటే పట్టు దొరుకుతుంది. మొదటి ముక్క సూదికి గుచ్చుకుని ఉండగానే రెండో ముక్కా తీసుకురావచ్చు. కానీ ఆ ముక్కలను సూది మీంచి దులిపే సహాయకుడి వేలికి గుచ్చుకునే ప్రమాదం ఉంది, కప్పులో చోటూ తగ్గుతుంది. ఒకే డిజైన్‌తో రెంటినీ తీర్చాలని చూడకుండా సూది ఉన్నదీ లేనిదీ రెండు రకాలుగా చేయడమే మేలు.

లోహం విషయానికొస్తే, ఎక్కువ సంఖ్యలో చేసేటప్పుడు 17-4 పీహెచ్ స్టెయిన్‌లెస్ స్టీలు పొడితో ఇంజెక్షన్ మౌల్డింగ్ చేసి కొలిమిలో కాలుస్తారు. కాలినప్పుడు కొలతలు 15 నుంచి 20 శాతం కుంచించుకుంటాయి, అచ్చును అంత పెద్దగా చేయాలి. తర్వాత 482 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట ఉంచితే రాక్‌వెల్ సీ మీద 40 పైన గట్టిదనం వస్తుంది. నమూనాల దశలో అచ్చుకు డబ్బు పోయకండి. అదే స్టీలు కడ్డీ నుంచి మైక్రో సీఎన్‌సీ, వైర్ ఈడీఎంతో పది జతలు కోయించుకోవడం చాలు. లోహపు త్రీడీ ప్రింటింగ్‌లో ఈ పరిమాణంలో అంచు గరుకుగా వస్తుంది, ఆకారం చూసుకోవడానికే తప్ప కొరకడానికి పనికిరాదు.

3. దవడ తోకలు: కోణంలో ఉన్న మెలిక

రెండు దవడలూ కత్తెరలా 0.6 మి.మీ. పిన్ను మీద తిరుగుతాయి. పిన్నుకు వెనక ఉన్న తోకల చివర రంధ్రాల్లో ఒక్కో తీగ కొక్కెంలా దూరుతుంది. తీగలు వెనక్కి లాగితే తోకలు దగ్గరికొచ్చి దవడలు మూసుకుంటాయి. సమస్య ఎక్కడంటే, తోక మధ్యగీతకు దగ్గరయ్యేకొద్దీ తీగ లాగే గీతకూ పిన్నుకూ మధ్య అడ్డదూరం తగ్గిపోతుంది. దవడ మూసుకునే క్షణంలోనే, అంటే బలం అన్నింటికంటే ఎక్కువ కావాల్సిన క్షణంలోనే, అది సున్నాకు చేరితే ఎంత లాగినా ముక్క తెగదు. అందుకని పూర్తిగా మూసుకున్నప్పుడు కూడా తోక మధ్యగీతకు కొంత కోణంలో ఆగేలా దవడను విరిచి గీయాలి.

మన కొలతలతో చూద్దాం. పిన్ను నుంచి తోక రంధ్రానికి 1.5 మి.మీ., మూసినప్పుడు కోణం 24 డిగ్రీలు. అడ్డదూరం 1.5 × సైన్ 24 = 0.61 మి.మీ. ఒక్కో తీగలో మొన దగ్గర 8 న్యూటన్ల లాగుడు ఉంటే, పిన్ను నుంచి 3 మి.మీ. దూరంలో ఉన్న కప్పు నడుమ 8 × 0.61 ÷ 3, సుమారు 1.6 న్యూటన్లు దొరుకుతాయి. అదే కోణాన్ని 10 డిగ్రీలకు తగ్గిస్తే 0.7 మాత్రమే మిగులుతుంది.

తెరుచుకోవడం చూస్తే, ఒక్కో దవడ 40 డిగ్రీలు తిరిగితే, పిన్ను నుంచి మొన 5 మి.మీ. కాబట్టి, నోరు 2 × 5 × సైన్ 40 = 6.4 మి.మీ. తెరుచుకుంటుంది. ఈ తరగతి ఫోర్సెప్స్‌కు 6 నుంచి 7 సరిపోతుంది. అప్పుడు తోక కోణం 64 డిగ్రీలు, రంధ్రం మధ్యగీత నుంచి 1.35 మి.మీ. పక్కకు వస్తుంది. మన బయటి వ్యాసార్థం 1.15 మాత్రమే. అంటే తెరిచినప్పుడు తోకలు రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి! అది తప్పేమీ కాదు, కానీ ఛానెల్ లోపల ఉండగా దవడ తెరిస్తే గొట్టాన్ని గీరేది ఆ తోకలే. వాడకపు సూచనల్లో దీన్ని మొదటి వరుసలో రాయాలి, తోక మూలలను గుండ్రం చేయాలి.

ఇంకో అంకె గుర్తుంచుకోండి. ఈ మొత్తం తెరిచి మూయడానికి తీగ కదలాల్సింది 1.5 × (కాస్ 24 − కాస్ 64), కేవలం 0.7 మి.మీ. ఇంత చిన్న కదలికను 1.6 మీటర్ల అవతలి నుంచి పంపాలి.

4. తీగ, కాయిల్: డిజైన్ ఇక్కడే గెలుస్తుంది లేదా ఓడుతుంది

ఔటర్‌గా 0.45 మి.మీ. స్టెయిన్‌లెస్ 304 తీగను చుట్ల మధ్య సందు లేకుండా చుట్టిన స్ప్రింగ్ కాయిల్ వాడదాం. బయటి వ్యాసం 1.9, లోపలి వ్యాసం 1.0. పైన 0.15 మి.మీ. పాలిఎథిలిన్ పూత, మొత్తం 2.2. లోపల 0.4 మి.మీ. గట్టి స్ప్రింగ్ తీగలు రెండు పక్కపక్కన, అంటే 0.8. అల్లిన తాడులాంటి కేబుల్ మెత్తగా వంగుతుంది గానీ నెట్టినప్పుడు ముడుచుకుంటుంది. ఫోర్సెప్స్‌లో దవడ తెరవడమంటే తీగను నెట్టడమే, కాబట్టి ఇక్కడ ఒంటి తీగే నయం. లాగడమే తప్ప నెట్టే పని పెద్దగా లేని చోట్లకు కేబుల్ పనికొస్తుంది.

బలం ఎంత పోతుంది? వంగిన గొట్టంలో తీగను లాగితే రెండు చివరల బలాల నిష్పత్తి, రాపిడి గుణకాన్ని రేడియన్లలోని మొత్తం వంపుతో హెచ్చించి, ఆ లబ్ధాన్ని 2.718 మీద ఘాతంగా వేస్తే వస్తుంది. ఓడరేవులో మోకును గుంజకు చుట్టే సూత్రమే ఇది. వంపు ఎంత బిగువుగా ఉందన్నది ఇందులో లేదు, మొత్తం ఎంత తిరిగిందన్నదే ఉంది. మొన దగ్గర 210, గొంతు దగ్గర 90, బయట చేతి దాకా 60 డిగ్రీలు. కలిపితే 360, అంటే 6.28 రేడియన్లు. సిలికాన్ నూనె రాసిన స్టీలు మీద స్టీలుకు గుణకం 0.15 అనుకుంటే నిష్పత్తి 2.57. మొన దగ్గర రెండు తీగలకూ కలిపి 16 న్యూటన్లు కావాలంటే పిడి దగ్గర 41 ఇవ్వాలి. తీగకు టెఫ్లాన్ పూత వేసి గుణకాన్ని 0.08కి తెస్తే 26 చాలు. నూనె లేకుండా పొడిగా ఉండి 0.25కు పెరిగితే 77 న్యూటన్లు. ఆ 77 దగ్గర పిడి కూడా వంగుతుంది, సహాయకుడి వేళ్ళూ నొప్పెడతాయి. నూనె చుక్కను ఖర్చు తగ్గింపు జాబితాలో పెట్టేవాళ్ళు ఈ అంకెను ఒకసారి చూడాలి.

కదలిక ఎంత పోతుంది? ఇది మూడు వాటాలు. మొదటిది తీగ సాగడం. రెండు తీగల అడ్డుకోత వైశాల్యం 0.251 చదరపు మి.మీ., పొడవు 1700, బలం 41 న్యూటన్లు, స్థితిస్థాపక గుణకం 190 గిగాపాస్కల్స్ పెడితే 1.5 మి.మీ. వస్తుంది. దారి పొడవునా బలం తగ్గుతూ పోతుంది కాబట్టి నిజంగా సాగేది ఇంతకంటే తక్కువే. రెండోది వంపుల్లో వదులు. లాగినప్పుడు తీగ కాయిల్ లోపలి గోడకు చేరి దగ్గరి దారి పట్టుకుంటుంది, నెట్టినప్పుడు బయటి గోడకు వెళ్తుంది. మధ్యగీత నుంచి 0.3 మి.మీ. జరిగితే 6.28 × 0.3 = 1.9 మి.మీ. ఒక వైపు, రెండు వైపులా కలిపి 3.8. మూడోది, వంపు బయటి పక్క కాయిల్ చుట్లు తెరుచుకోవడం, బిగించినప్పుడు మళ్ళీ దగ్గరవడం. ఇది చుట్టేటప్పుడు పెట్టిన ముందస్తు బిగువును బట్టి మారుతుంది, కొలిచే తెలుసుకోవాలి. మొత్తం మీద 0.7 మి.మీ. పని కోసం 6 మి.మీ. దాకా పిడి కదలాలి. పిడి కదలికను 15 నుంచి 20 మి.మీ. ఇవ్వడానికి కారణం ఇదే.

"బల్ల మీద బాగానే పనిచేసింది, కడుపులో వెనక్కి తిప్పితే దవడ పూర్తిగా మూసుకోలేదు" అన్న ఫిర్యాదు ఎప్పుడొచ్చినా దవడను అనుమానించకండి. కాయిల్ లోపలి వ్యాసం కొలవండి. అది 1.0కు బదులు 1.2 ఉంటే వదులు ఒక వైపే 2.5 మి.మీ.కి చేరుతుంది. మరి 0.85కు బిగిస్తే? వదులు తగ్గుతుంది, కానీ రెండు తీగలూ దారిలో మెలిపడి ఒకదాన్నొకటి రాసుకుని బిగుసుకుపోతాయి. 1.0 మధ్యేమార్గం.

పూత గురించి ఒక మాట. ముందు చివర పూత అంచును సరిగ్గా పట్టించకపోతే మేజోడు మడతపడ్డట్టు ఛానెల్ లోపలే వెనక్కి ముడుచుకుంటుంది, ఫోర్సెప్స్ ఇరుక్కుంటుంది. కాయిల్ చివరి 3 మి.మీ. ఖాళీగా వదిలి, అంచును వాలుగా సీల్ చేయండి. పూత కరిగి చుట్ల సందుల్లోకి దిగితే కాయిల్ కర్రలా బిగుస్తుంది, అదీ చూసుకోవాలి.

5. పిడి

బొటనవేలికి ఒక ఉంగరం, రెండు వేళ్ళకు జరిగే చక్రం. దశాబ్దాలుగా ఉన్న ఈ రూపాన్ని మార్చాలని కొత్తవాళ్ళకు ఉబలాటం ఉంటుంది. మార్చకండి. ఫోర్సెప్స్ పిడి పట్టుకునేది సాధారణంగా డాక్టర్ కాదు, పక్కనున్న టెక్నీషియన్ లేదా నర్సు. "ఓపెన్", "క్లోజ్" అన్న మాట వినగానే, చూపు తెర మీద ఉండగానే, చేయి దానంతట అదే పనిచేస్తుంది. ఆ చేతివాటాన్ని చెడగొట్టే కొత్తదనం ఎవరికీ అక్కరలేదు.

మార్చదగ్గది లోపల ఉంది. చక్రానికీ తీగకూ మధ్య ముందే నొక్కిన చిన్న స్ప్రింగ్ పెట్టి, 45 న్యూటన్లు దాటితే తీగకు బదులు స్ప్రింగ్ ముడుచుకునేలా చేయండి. హద్దు లేకపోతే బిగువుగా పట్టుకునే చేయి దీనికి రెట్టింపు ఇవ్వగలదు, ఆ బలానికి దవడ తోకలు వంగుతాయి. పిడి లోపల తీగలు ఖాళీలో ఉండే 20 మి.మీ. మేర, నెట్టినప్పుడు విల్లులా వంగకుండా 0.9 లోపలి వ్యాసం ఉన్న సన్నటి స్టీలు గొట్టంలోకి దూర్చి నొక్కి బిగించాలి. కాయిల్ పిడిలోంచి బయటికొచ్చే చోట 40 మి.మీ. మెత్తటి తొడుగు లేకపోతే కాయిల్ మొదట మడతపడేది అక్కడే.

6. కూర్పు వరుస

వరుస తప్పితే మళ్ళీ మొదటికి రావాలి కాబట్టి దీన్ని మాత్రం క్రమంలో ఇస్తున్నాం.

1. దవడలు, ఫోర్కు (దవడల పిన్నును పట్టి ఉంచే, కాయిల్ చివర అతికే చీలిక ముక్క), పిన్ను విడివిడిగా ఉండగానే సిట్రిక్ ఆమ్లంతో పాసివేషన్ (తుప్పు పట్టకుండా పైపొరను సిద్ధం చేయడం) చేసి, డీఅయనైజ్డ్ నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. కూర్చాక చేస్తే ఆమ్లం కాయిల్ చుట్ల మధ్య మిగిలిపోయి, నెలల తర్వాత పౌచ్‌లో తుప్పు మరకగా కనిపిస్తుంది.
2. కాయిల్ చివరను చదునుగా సానబట్టి ఫోర్కును లేజర్‌తో అతకండి. ఆర్గాన్ వాయువు తప్పనిసరి, లేకపోతే నీలి రంగు తిరిగిన చోట తుప్పు మొదలవుతుంది.
3. తీగల చివరలను కొక్కెంలా వంచండి. వంపు లోపలి వ్యాసార్థం తీగ మందం కంటే, అంటే 0.4 కంటే తక్కువ కాకూడదు. మొత్తం పనిముట్టులో మొదట విరిగేది చాలాసార్లు ఈ వంపే. ప్రతి బ్యాచ్ నుంచి కొన్నింటిని 20 రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోపు కింద పగుళ్ళకోసం చూడండి.
4. కొక్కేలను తోక రంధ్రాల్లో దూర్చి, తీగలకు సిలికాన్ నూనె రాసి కాయిల్‌లోకి పంపండి.
5. పిన్ను దూర్చి రెండు పక్కలా అతకండి. పిన్నుకూ రంధ్రానికీ మధ్య 0.02 నుంచి 0.04 మి.మీ. సందు ఉండాలి. అతుకు చిమ్మిన చుక్క దవడ మీద పడితే కదలిక బిగుస్తుంది. అతకగానే చేత్తో తిప్పి చూడండి, ఇరవై దవడలు పూర్తయ్యాక కాదు.
6. పూత, మెత్తటి తొడుగు, పిడి.
7. చివరగా తీగలను పిడిలో బిగించడం. కాయిల్‌ను నిటారుగా పెట్టి బిగిస్తే వంపులో దవడ సగం తెరిచి ఉంటుంది. కింద 7వ భాగంలో చెప్పే 360 డిగ్రీల పలకలో పెట్టి, దవడ మూసి, రెండు తీగల్లోనూ ఒకే బిగువు ఉండేలా చూసి బిగించండి. బిగువు సమంగా లేకపోతే ఒక దవడ ముందు, ఇంకోటి వెనక కదులుతాయి.

7. పరీక్షలు

ఒక అక్రిలిక్ పలక మీద గాడి తవ్వించి, అందులో 2.8 మి.మీ. లోపలి వ్యాసం టెఫ్లాన్ గొట్టం పెట్టండి: మొన దగ్గర 15 మి.మీ. వ్యాసార్థంతో 210 డిగ్రీలు, తర్వాత 60తో 90, చివర 100తో 60. తోసేటప్పుడు డిజిటల్ ఫోర్స్ గేజ్ పట్టుకుని గరిష్ఠ బలం రాసుకోండి. 5 న్యూటన్లు హద్దుగా పెట్టుకోవచ్చు. అది దాటితే ముందు వంగని భాగాన్నీ, తర్వాత పూతనూ చూడాలి.

ఎన్నిసార్లు తెరిచి మూయాలి? కడుపులో గ్యాస్ట్రైటిస్‌కు సిడ్నీ పద్ధతిలో ఐదు ముక్కలు తీస్తారు. పెద్దపేగు దీర్ఘకాలిక వాపులో యాదృచ్ఛిక బయాప్సీల పద్ధతి పాటిస్తే ప్రతి 10 సెం.మీ.కు నాలుగు చొప్పున కనీసం 33 ముక్కలు తీయాల్సి వస్తుంది. దీనికి మూడింతలు, అంటే 100 సార్లు పలకలో తెరిచి మూయాలి, నూరోసారి కూడా టిష్యూ కాగితం శుభ్రంగా తెగాలి.

అసలు కండ మీద పరీక్షకు పంది కడుపు వాడటం పరిపాటి. మన దగ్గర మాంసం కొట్టులో మేక బోటి తేలిగ్గా దొరుకుతుంది, నమూనాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి అదీ చాలు. జీర్ణాశయాల్లో చివరి గది గోడ మన కడుపు పొరకు దగ్గరగా ఉంటుంది. తేనెపట్టులా గళ్ళున్న భాగం మాత్రం వద్దు, గరుకు ఎక్కువ కాబట్టి పట్టు లేని దవడ కూడా పట్టినట్టే కనిపిస్తుంది. తాజాదే తీసుకోండి, ఉడికించినదీ గడ్డకట్టించినదీ పనికిరావు. తీసిన ముక్కలను మిల్లీగ్రాముల తూకంలో తూచి, అంచులు నలిగాయా లేదా చూడండి.

ఎన్ని నమూనాలు? 95 శాతం నమ్మకంతో 90 శాతం విశ్వసనీయత చూపాలంటే, ఒక్కటీ విఫలం కాకుండా 29. 95 శాతం విశ్వసనీయతకు 59. దవడ ఊడటంలాంటి తీవ్రమైన ప్రమాదానికి 99 శాతం కావాలనుకుంటే 299. ఏ లోపానికి ఏ అంకె అన్నది ఐఎస్ఓ 14971 ప్రకారం రాసుకున్న ప్రమాద విశ్లేషణే చెప్పాలి, గోదాములో ఎన్ని మిగిలాయన్నది కాదు.

అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష విరగ్గొట్టడం. బలం పెంచుకుంటూ పోతే ఏది ముందు విఫలం కావాలో ఆ వరుసను మనమే రాసుకోవాలి. మొదట పిడిలోని స్ప్రింగ్ ముడుచుకోవాలి. దాన్ని దాటితే పిడి దగ్గరి బిగింపు జారాలి. ఆ తర్వాతే తీగ. దవడ, పిన్ను, ఫోర్కు అతుకు ఎప్పటికీ చివరివి, ఎందుకంటే ఇవి మూడూ ఊడితే రోగి ఒంట్లో పడతాయి. దవడ తెరిచి ఉండగా తీగ తెగితే ఏమవుతుందో కూడా పరీక్షించండి. ఫోర్సెప్స్‌ను ఛానెల్‌లోకి వెనక్కి లాగినప్పుడు కప్పుల వీపు ఛానెల్ నోటికి తగిలి, దవడలు వాటంతటవే మూసుకునేంత వాలు ఉండాలి. ఆ వాలు లేకపోతే ఫోర్సెప్స్‌తో సహా స్కోపునంతా బయటికి లాగాల్సి వస్తుంది, తెరిచిన దవడ అన్నవాహిక గోడను గీరుకుంటూ.

8. స్టెరిలైజేషన్, పౌచ్, కాగితాలు

బయాప్సీ ఫోర్సెప్స్ పొరను కోస్తుంది కాబట్టి స్పాల్డింగ్ వర్గీకరణలో క్రిటికల్ పరికరం. స్కోపుకు హై లెవెల్ డిసిన్ఫెక్షన్ సరిపోయినా దీనికి సరిపోదు, పూర్తి స్టెరిలైజేషన్ కావాలి. తీగ మీద టెఫ్లాన్ ఉంటే గామా కిరణాలు వద్దు, టెఫ్లాన్ వాటికి పెళుసుబారుతుంది. ఎథిలిన్ ఆక్సైడ్ వాడండి. సన్నటి పొడవాటి కాయిల్ లోపల వాయువు వెళ్ళడమూ కష్టమే, తర్వాత బయటికి రావడమూ కష్టమే. మిగిలిపోయిన వాయువును ఐఎస్ఓ 10993-7 ప్రకారం కొలిపించాలి. ఇవి కాక కణాల మీద విషప్రభావం, సెన్సిటైజేషన్, ఇరిటేషన్ అన్న మూడు జీవ అనుకూలత పరీక్షలు తప్పవు. పౌచ్‌లో కాయిల్‌ను 20 సెం.మీ. కంటే చిన్న చుట్టుగా పెడితే అదే వంపు శాశ్వతంగా నిలిచిపోయి, తెరిచాక పాములా మెలికలు తిరుగుతుంది. మూడేళ్ళ నిల్వకాలం చూపడానికి 55 డిగ్రీల దగ్గర 137 రోజులు ఉంచాలి: ప్రతి 10 డిగ్రీలకు వేగం రెట్టింపు అన్న లెక్కన 25 నుంచి 55కు ఎనిమిదింతలు, 1095 ÷ 8.

ఒకసారి వాడి పారేయాలని పౌచ్ మీద అచ్చు వేసినా, కడిగి మళ్ళీ వాడే అలవాటు మన దేశంలో చాలాచోట్ల ఉంది. డిజైనర్ కళ్ళు మూసుకుంటే అది ఆగదు. అసలే మళ్ళీ వాడే రకంగా చేయాలనుకుంటే పాలిఎథిలిన్ పూత మానేయండి, 134 డిగ్రీల ఆవిరిలో అది కరుగుతుంది. పూత లేని కాయిల్, అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగే పద్ధతి, ప్రతిసారీ నూనె, ఎన్నిసార్లకు పక్కన పెట్టాలన్న అంకె, ఇవన్నీ పరీక్షించి రాయాలి. సగం అదీ సగం ఇదీగా ఉన్న పనిముట్టు అన్నింటికంటే ప్రమాదం. 2015లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించిన డ్యుయోడినోస్కోపుల ఇన్ఫెక్షన్లు గుర్తుంచుకోండి: మొన దగ్గర పనిముట్టును పైకి లేపే మీట (ఎలివేటర్) చుట్టూ ఉన్న సన్నటి సందుల్లోకి బ్రష్ సరిగా చేరదు. కాయిల్ లోపలా అదే పరిస్థితి.

మన దేశంలో అమ్మాలంటే 2017 వైద్య పరికరాల నియమాలు వర్తిస్తాయి, ఇవి 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రమాదాన్ని బట్టి పరికరాలకు ఏ నుంచి డీ దాకా తరగతులున్నాయి: ఏ, బీ తరగతుల తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారి నుంచి, సీ, డీ తరగతులది కేంద్రం నుంచి. పరీక్షల కోసం కొన్ని చేసుకోవడానికి కూడా ఎండీ-12లో దరఖాస్తు చేసి ఎండీ-13 అనుమతి తీసుకోవాలి, ఇది నమూనాల దశలోనే కదపాల్సిన పని. తెలుగు నేల మీద విశాఖపట్నంలోని ఏపీ మెడ్‌టెక్ జోన్‌లో బయోమెటీరియల్ పరీక్షలకూ త్రీడీ ప్రింటింగ్‌కూ వసతులున్నాయి. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది.

ఫైలులో మొదటి రోజు నుంచే ఒక పట్టిక పెట్టుకోండి: ప్రతి కొలత పక్కన అది ఎందుకు అలా ఉందో ఒక వాక్యం. కాయిల్ లోపలి వ్యాసం 1.0 ఎందుకు, తోక కోణం 24 ఎందుకు, స్ప్రింగ్ 45 న్యూటన్లు ఎందుకు. రెండేళ్ళ తర్వాత తీగ సరఫరాదారు మారి 0.4కు బదులు 0.38 తీగ ఇస్తానన్నప్పుడు, ఎవరో ఒకరు ఆ పట్టిక తెరిచి సాగే పొడవూ, వంపుల్లో వదులూ మళ్ళీ లెక్కగట్టాల్సి ఉంటుంది.